కూల్చిన గోడలు, బంకమట్టి, ఒక ఫార్వర్డ్

కూల్చిన కట్టడాల శిథిలాలతో బంకమట్టి నేలను గట్టిపరచమనే అదే మెసేజ్ మళ్లీ వచ్చింది, ఈసారి కింద రెండు దండాలు అదనం. సారాంశం ఇది: "శిథిలాల్ని ఏరకుండా దంచి, ఎంత వీలైతే అంత బంకమట్టిలో కలపండి. మధ్యలో ఏదో ఒక జియోగ్రిడ్ (మట్టికి పట్టునిచ్చే ప్లాస్టిక్ గళ్ల వల) పరిచి రోలర్ తిప్పండి. పాత సిమెంటు మళ్లీ గట్టిపడుతుంది, మట్టి బండరాయవుతుంది. చెదలు పట్టవు."

చెదలా? చెక్కముక్కలు తీసేస్తే వాటికక్కడ పనే లేదు.

ముప్పంతా "ఏరకుండా" అన్న మాటలో ఉంది. ఫాల్స్ సీలింగ్, పీఓపీ పూత, జిప్సం బోర్డు కాంక్రీటుతో కలిసి నలిగితే మట్టిలోకి సల్ఫేట్ చేరుతుంది. కాంక్రీటు పొడిలోని సున్నం నీటిని క్షారంగా మార్చి బంకమట్టిలోని అల్యూమినాను (అల్యూమినియం ఆక్సైడ్‌ను) కరిగిస్తుంది. ఈ మూడింటికీ నీళ్లు తోడైతే ఎట్రింగైట్ అనే ఖనిజ స్ఫటికాలు పెరిగి నేలను పైకి లేపుతాయి. రోలర్ తిప్పిన రోజు అంతా బ్రహ్మాండమే, తడి లోపలికి దిగాక ఫ్లోరు ఉబ్బుతుంది. గట్టిదనం చాలలేదని ఇంకాస్త సున్నం కలిపే మేధావులూ ఉన్నారు, అగ్నికి ఆజ్యం! జిప్సాన్ని దంచకముందే వేరుచేయాలి, దంచాక పొడిని ఏరలేం. కలిపే ముందు సల్ఫేట్ పరీక్ష చేయించండి. 3,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 3,000 భాగాలు) లోపుంటే భయం తక్కువ. 8,000 దాటితే సున్నం, సిమెంటు జోలికి పోవద్దు. మధ్యలో ఉంటే కలిపి, తడిపి, కొన్ని రోజులు వదిలేసి, ఆ తర్వాతే రోలర్ ఎక్కించాలి. ఉబ్బేదేదో ముందే ఉబ్బనివ్వాలి.

"ఎంత వీలైతే అంత" అట. కంకర ముక్కలు ఒకదానికొకటి తగలనంతవరకు బంకమట్టిలో తేలుతుంటాయి, బలం మట్టిదే. మెత్తటి పొడి సంగతి వేరు, అది ప్లాస్టిసిటీని (తడిస్తే ముద్దలా సాగే గుణాన్ని), ఉబ్బును తగ్గిస్తుంది. మోతాదు తేలేది ఆ మట్టితోనే చేసిన ప్రాక్టర్ పరీక్షలో (ఎంత తడిలో మట్టి బాగా అణుగుతుందో చూసేది), 4 రోజులు నానబెట్టి చేసే సీబీఆర్‌లో (మట్టి ఎంత బరువు మోస్తుందో చూసేది). పైగా పాత కాంక్రీటు నీళ్లు బాగా పీలుస్తుంది. ముందురోజే తడపకపోతే మట్టిలోని తడిని లాగేసుకుంటుంది. పొడిగా అణిగిన బంకమట్టి తర్వాత తడిస్తే మరింత ఉబ్బుతుంది.

"ఏదో ఒక జియోగ్రిడ్" పనికిరాదు. పాలియెస్టర్ గ్రిడ్‌ని పీహెచ్ (క్షారం ఎంతో చెప్పే అంకె) 9 దాటిన చోట వాడకూడదు, కాంక్రీటు పొడి దగ్గర నీటి పీహెచ్ 11 పైకి పోతుంది. హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిన్) గానీ పాలీప్రొపిలీన్ గానీ తీసుకోండి. గ్రిడ్‌ని నేరుగా బంకమట్టిలో పెడితే జారుతుంది. పైనా కిందా 75 నుంచి 100 మిల్లీమీటర్ల దంచిన కాంక్రీటు పొర ఉంటే ముక్కలు గళ్లలో చిక్కుకుని పట్టు దొరుకుతుంది. ముక్క 20 మిల్లీమీటర్లు దాటకూడదు, పదును అంచులు గ్రిడ్‌ని కోస్తాయి. పైన 150 మిల్లీమీటర్ల పొర పడేదాకా బండి ఎక్కించొద్దు.

ఇక పాత సిమెంటు మళ్లీ గట్టిపడటం. నవ్వి వదిలేద్దామనుకున్నాను గానీ, అది కొంత నిజమే. నీళ్లు తగలని సిమెంటు రేణువులు పాత కాంక్రీటు లోపల మిగిలే ఉంటాయి. మెత్తగా దంచితే బయటపడి, తడిలో నెమ్మదిగా అతుక్కుంటాయి. కాకపోతే ఒక్కో కట్టడం శిథిలాల్లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి, డిజైన్‌లో దానికి వేసే అంకె సున్నా.