మహారాజశ్రీ బిట్ పేపరు గారికి

ఉభయకుశలోపరి.

మీరు క్షేమంగా ఉన్నారని నాకు తెలుసు. 2019లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పరీక్షలోంచి మిమ్మల్ని తీసేస్తున్నామన్నప్పుడు నేను అమాయకంగా నమ్మేసి, పెద్దకర్మ భోజనానికి పిలుపు వస్తుందేమోనని చూశాను. మీరేమో ఒక మార్కు ప్రశ్నగా, బిట్ బ్యాంకుగా, వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌గా అవతారాలెత్తి హాయిగా ఉన్నారు. గ్రూప్స్ కోచింగ్ సెంటర్లలోనైతే మీకు నిత్యపూజే.

మీ మీద కోపం లేదండీ, రుణపడి ఉన్నాను. మా రోజుల్లో చివరి అరగంటలో మిమ్మల్ని చేతికిచ్చేవారు. దారం ముడేసి మెయిన్ పేపరుకి కట్టేలోగా హాలంతా ఒక్కసారిగా దురద మొదలయ్యేది. చెవి గోక్కుంటే ఏ, ముక్కయితే బి, గడ్డమయితే సి, తల అయితే డి. తళ్లికోట యుద్ధం 1565లో జరిగిందని నాకు తెలిసింది ముందు బెంచీవాడి గడ్డం వల్లే. ఎవరు ఎవరితో ఎందుకు కొట్టుకున్నారో ఆ గడ్డం చెప్పలేదు, నేనూ అడగలేదు. అరమార్కుకి అంత దూరం ఎవరు వెళ్తారు?

అసలు సంగతికి వస్తాను. మా అన్నయ్య వాళ్ళుండేది చీరాలలో. కూతురు పదో తరగతి. మొన్న సంక్రాంతికి వెళ్తే, బిట్లు అడగమని పుస్తకం నా ఒళ్ళో పడేసింది. "చీరాల–పేరాల ఉద్యమ నాయకుడు?" అన్నానో లేదో, "దుగ్గిరాల గోపాలకృష్ణయ్య" అంది. బిరుదు? "ఆంధ్రరత్న." మరి ఆ ఉద్యమం ఎందుకొచ్చిందమ్మా అన్నాను. పేజీ వెనక్కి తిప్పింది, ముందుకి తిప్పింది.

"అది బిట్టులో లేదు బాబాయ్."

పుట్టి పెరిగిన ఊరు పేరే ప్రశ్నలో ఉంది. ఊరు మాత్రం ఆ పిల్లకి కనపడలేదు. అది మీ ప్రతిభ.

పుస్తకం మూసి నేనే చెప్పాను. రెండు ఊళ్ళనీ కలిపి మున్సిపాలిటీ చేశారు. పన్నులు మోయలేం బాబూ అని జనం మొత్తుకున్నా సర్కారు వినలేదు. 1921లో దుగ్గిరాల మాట మీద వేలమంది ఇళ్ళు వదిలేసి, పొలిమేర అవతల పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని నెలల తరబడి అక్కడే ఉన్నారు. మున్సిపాలిటీ ఉంది, పన్ను కట్టే నాథుడే లేడు.

పిల్ల పెన్ను కింద పెట్టింది. "నెలల తరబడా? వానొస్తే? మగ్గాలు కూడా మోసుకెళ్ళారా? బడి ఉందా అక్కడ?"

ఇంకో బిట్టు కూడా మీరే అడిగారు: మోటుపల్లి అభయ శాసనం వేయించినది ఎవరు? గణపతిదేవుడు, ఒక మార్కు, అయిపోయింది. ఆ మోటుపల్లి చీరాలకు దగ్గర్లోనే, సముద్రం పక్కన ఉంది. తుఫానుకి ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులో సరుకంతా పాత రాజులు లాక్కునేవారట. నేనలా చెయ్యను, సుంకం కట్టి వ్యాపారం చేసుకోండని కాకతీయ రాజు రాతి మీద మాటిచ్చాడు. ఇది విని మా పిల్ల, "మునిగినోడి సామాను లాక్కోవడమేంటి బాబాయ్, అది దొంగతనం కదా!" అంది. ఎనిమిది వందల ఏళ్ళ నాటి వర్తకుడి తరఫున మా హాల్లో గొడవ.

బడిపిల్లల్ని ఒక రోజు అక్కడికి తీసుకెళ్ళి, సరుకు పోయిన వర్తకులమనుకుని రాజుకి అర్జీ రాయమంటే ఎంత బావుంటుంది! రామనగర్ గురించి ఇంట్లో పెద్దవాళ్ళు ఏం విన్నారో అడిగి రాసుకు రమ్మంటే ఇంకా బావుంటుంది. దానికి మార్కులెలా వెయ్యాలంటారా? చదివి వెయ్యాలి. అక్కడే వచ్చింది చిక్కు. సోషల్ మేష్టారికి సిలబస్ టెన్షన్, పైగా ఎన్నికల డ్యూటీ. ఉన్న పిరియడ్ కాస్తా లెక్కల మేష్టారు అప్పు తీసుకుంటారు. ఆ అప్పు తీరగా ఎవరూ చూడలేదు. మీరైతే కీ పక్కన పెట్టుకుని నిమిషంలో దిద్దించుకుంటారు.

కనుక మిమ్మల్ని పొమ్మనడం లేదు. ఒక్క బిట్టు తయారుచేసి పంపండి చాలు: 1921లో వానొచ్చిన రాత్రి రామనగర్‌లో పిల్లలు ఎక్కడ పడుకున్నారు? ఏ, బి, సి, డి మీరే నింపండి. త్వరగా పంపండి, మా పిల్ల రోజూ ఫోన్ చేసి అడుగుతోంది. ఈసారి నా ముందు బెంచీలో ఎవరూ లేరు.

ఇట్లు,
మీ పాత అరమార్కు