ఆయిల్ తాగుతోందని వెంటనే ఇంజిన్ దించేయకండి

పాత కారు సైలెన్సర్ నుంచి కాస్త నీలం పొగ కనబడితే చాలు, చాలా షెడ్లలో ఒకటే తీర్పు. "రింగులు పోయినయ్ సార్, ఇంజిన్ దించాల్సిందే." బానెట్ పూర్తిగా ఎత్తకముందే ఈ మాట వచ్చేస్తుంది. రింగులంటే పిస్టన్ చుట్టూ ఉండే లోహపు కట్లు. చిన్న కారుకైనా ఇంజిన్ పని అంటే రూ. 40, 50 వేల మాట. అమ్మితే లక్ష రావడం కష్టమైన బండికి అంత పెట్టడం ఎవరికి మనసొప్పుతుంది? దాంతో ఓనరు "ప్రస్తుతానికి చిక్కటి ఆయిల్ పోసి పంపించెయ్" అంటాడు. నాకు ఈ ఇద్దరి మీదా కోపమే. ఆయిల్ ఎటు పోతోందో ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.

ముందు తేల్చుకోవాల్సింది ఆయిల్ కాలుతోందా, కారుతోందా అన్నది. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్ గట్టిపడి పగిలితే ఆయిల్ సన్నగా జారి, పొగ బయటికి పోయే వేడి మేనిఫోల్డ్ మీద పడి మాడుతుంది. బానెట్ సందుల్లోంచి పొగ వస్తుంది, కారు లోపలికి మాడు వాసన కొడుతుంది. ఆ ప్యాకింగ్ మారిస్తే పోయే జబ్బు అది. రాత్రి కారు కింద ఒక అట్టముక్క పరిచి పొద్దున్నే చూడండి. ట్యాపెట్ కవర్ చుట్టూ తడి లేదు, అట్ట మీద చుక్క లేదు, అయినా డిప్‌స్టిక్ మీద మట్టం దిగిపోతోంది అంటే అప్పుడు కాలుతున్నట్టు.

కాలుతుంటే, పొగ ఎప్పుడొస్తుందో కనిపెట్టాలి. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున నీలం పొగ వచ్చి కాసేపటికి తగ్గిపోతే, మొదట అనుమానించాల్సింది వాల్వ్ సీల్స్‌ని. అవి వాల్వుల కాడల చుట్టూ ఉండి ఆయిల్ కిందికి దిగకుండా ఆపే రబ్బరు ముక్కలు. ఏళ్ల తరబడి వేడికి బిరుసెక్కుతాయి. రాత్రిపూట హెడ్‌లో, అంటే సిలిండర్ల పైభాగంలో, మిగిలిన ఆయిల్ వాటి పక్కనుంచి సిలిండర్‌లోకి దిగుతుంది. తిరుమల ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి గేర్ మీదే వస్తాం కదా, అప్పుడు ఇంజిన్‌కి గాలి వెళ్లే దారిలో, అంటే ఇన్‌టేక్‌లో, వ్యాక్యూమ్ పెరిగి ఆ సీల్స్ దగ్గర్నుంచే ఆయిల్‌ని లాగేస్తుంది. అలిపిరి చేరి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే వెనకవాడు హారన్ కొట్టేంత పొగ. ఇలా కాకుండా లోడ్ మీద, ఎత్తు ఎక్కేటప్పుడు, స్పీడ్ అందుకునేటప్పుడు ఆగకుండా వస్తుంటే అనుమానం రింగుల మీదికి పోవాలి.

వాల్వ్ సీల్స్‌కి కూడా "హెడ్ దించాలి" అనేవాళ్లు ఉన్నారు. చాలా ఇంజిన్లకు అక్కర్లేదు. మా బావ పాత పెట్రోల్ కారుకి ఒక షెడ్‌లో ఇంజిన్ మొత్తం దించాలన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ఇంకో పెద్దాయనకు చూపిస్తే, ఆయన ప్లగ్గు తీసి ఆ బెజ్జంలోంచి పత్తి తాడు లోపలికి దూర్చడం మొదలుపెట్టాడు. బారెడు తాడు లోపలికి పోయాక, క్రాంక్‌ని (పిస్టన్లను ఆడించే ఇరుసు) స్పానర్‌తో మెల్లగా తిప్పితే పిస్టన్ పైకొచ్చి ఆ తాడుని వాల్వుల కిందికి అదిమిపెట్టింది. "ఇప్పుడు స్ప్రింగు తీసినా వాల్వు కిందికి జారదు బాబూ, కింద దిండు పెట్టాంగా" అన్నాడు. స్ప్రింగు నొక్కి, అయస్కాంతంతో లాకులు తీసి, పాత సీలు ఊడబీకి మా బావ చేతిలో పెట్టాడు. గోరుతో నొక్కితే రబ్బరులా లేదు, ప్లాస్టిక్‌లా పెళుసుగా విరిగింది. హెడ్ దించకుండానే పని పూర్తయింది. తాడు బదులు ప్లగ్గు బెజ్జంలోంచి గాలి ప్రెజర్ పెట్టి చేసేవాళ్లూ ఉన్నారు.

ఇక రింగులు. పిస్టన్‌కి మామూలుగా మూడు ఉంటాయి. పై రెండూ కంప్రెషన్ కోసం. కిందిది సిలిండర్ గోడ మీది ఆయిల్‌ని గీకి కిందికి పంపడానికి. గీకిన ఆయిల్ వెనక్కి పోవడానికి పిస్టన్‌లో సన్నటి బెజ్జాలుంటాయి. టైముకి ఆయిల్ మార్చకపోతే అది మాడి మడ్డిగా మారి ఆ బెజ్జాలను పూడ్చేస్తుంది, రింగు గాడిలో బిగుసుకుపోతుంది. అంటే రింగు అరగలేదు, ఇరుక్కుంది. చాలా షెడ్లలో ఈ తేడా చూడరు. సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్ష చేసినా ఇది దొరక్కపోవచ్చు, ఎందుకంటే ఆయిల్ రింగు ఇరుక్కున్నా పై రెండూ బాగుంటే రీడింగ్ బాగానే వస్తుంది. రీడింగ్ తక్కువొస్తే మాత్రం ప్లగ్గు బెజ్జంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. పెరిగితే రింగులో, లేదా బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు, పెరక్కపోతే వాల్వుల వైపు చూడాలి.

ఇది మన బీద బళ్ల జబ్బు మాత్రమే అనుకోకండి. అమెరికాలో మన పిల్లలు చదువుకోవడానికి వెళ్లగానే కొనే సెకండ్ హ్యాండ్ కార్లలో టొయోటా క్యామ్రీ ఎప్పుడూ ముందుంటుంది. అందులో 2007 నుంచి 2009 మోడళ్ల 2.4 లీటర్ ఇంజిన్ ఆయిల్ తాగడంలో పేరుమోసింది. 1,200 మైళ్లలో ఒక క్వార్టు, అంటే దాదాపు లీటరుకు మించి కాల్చిన కార్లకు కంపెనీయే వారంటీ పొడిగించి పిస్టన్లు, రింగులు మార్చి ఇచ్చింది. ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. కొనేవాళ్లు ముందు డిప్‌స్టిక్ తీసి చూడండి.

ఇరుక్కున్న రింగులకు ముందు నానబెట్టి చూడొచ్చు. పిస్టన్లను మధ్య ఎత్తుకు తెచ్చి, ప్లగ్గు బెజ్జాల్లో కార్బన్ కరిగించే ద్రావణం పోసి రాత్రంతా వదిలేస్తారు. పొద్దున ప్లగ్గులు పెట్టకుండా, ఇగ్నిషన్ కనెక్షన్ తీసేసి ఇంజిన్ తిప్పి లోపలున్నదంతా బయటికి కక్కించాలి. ద్రవం ఉండగానే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేశారో, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ వెంటనే ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. అరిగిన రింగులకు మాత్రం ఇది పనిచేయదు.

పీసీవీ వాల్వ్ గురించి ఎవరూ మాట్లాడరు, దాంట్లో లేబర్ మిగలదు కాబట్టి. ఇంజిన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి పంపే చిన్న వాల్వు అది. మడ్డి పట్టి మూసుకుపోతే లోపల ప్రెజర్ పెరిగి సీల్స్ దగ్గర ఆయిల్ బయటికి తన్నుతుంది. తెరుచుకునే ఉండిపోతే ఇన్‌టేక్‌లోకి ఆయిల్ పీల్చేస్తుంది. మొత్తం వైద్యంలో దీనంత చవకైనది లేదు, మొదట మార్చాల్సింది ఇదే. డీజిల్ బండైతే, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు విప్పి చూడాలి. లోపల ఆయిల్ నిలిచి ఉంటే టర్బో సీల్ మీద, ఇంజిన్ ఆవిర్లు పోయే బ్రీదర్ గొట్టం మీద కన్నేయాలి. ఇది వాయిదా వేసే సంగతి కాదు. డీజిల్ ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా తీసుకుని తాళం తీసినా ఆగకుండా పరుగెత్తగలదు.

చిక్కటి ఆయిల్ సంగతి. డబ్బా మీది అంకెలు పెద్దవయ్యేకొద్దీ ఆయిల్ చిక్కన. మాన్యువల్ 5డబ్ల్యూ-30తో పాటు వేడి ప్రాంతాలకు 10డబ్ల్యూ-40 కూడా ఒప్పుకుంటే వాడండి, మన ఎండలకు తప్పులేదు. అంతేగానీ సన్నటి ఆయిల్ కోసం తయారైన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు అది పైదాకా చేరేలోపు, వాల్వులను నొక్కే క్యామ్ అరుగుతుంది. "మట్టం తగ్గుతోందిగా" అని గరిష్ఠ గీత దాటించి పోయడం ఇంకో తెలివి. ఎక్కువైన ఆయిల్‌ని క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ బ్రీదర్ గుండా ఇన్‌టేక్‌లోకి పోయి మళ్లీ కాలుతుంది.

"కిలోమీటర్లే తిరగలేదు, ఆయిల్ ఎందుకు మార్చాలి" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. స్కూలు గేటు ముందు ఏసీ వేసుకుని అరగంట ఇంజిన్ నడిపితే మీటర్‌లో సున్నా, ఆయిల్‌కి మాత్రం అరగంట ఉడుకు. ఊళ్లో తిరిగే బండికి నెలల లెక్కే నిజమైన లెక్క. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు ఉందిగా అనుకునేవాళ్లకు ఇంకో మాట. అది ప్రెజర్‌కి వెలుగుతుంది, మట్టానికి కాదు. అది వెలిగేసరికి బేరింగులు ఎండిపోవడం మొదలై ఉంటుంది.

ఇన్నీ చూశాక నిజంగానే బోర్ అరిగిందని తేలితే దించండి, కానీ సగం పని చేయించకండి. అండాకారంగా అరిగిన బోర్‌లో కొత్త రింగులు వేస్తే కొద్ది నెలలకే మళ్లీ పొగ. బోర్ గేజ్‌తో కొలిచి మీ ఎదుటే అంకె చెప్పమనండి. అవసరమైతే లేత్‌లో బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయించాలి, ఆయిల్ నిలవడానికి గోడ మీద గీసే హోనింగ్ గీతలు కంటికి కనబడాలి.

అంత ఖర్చు వద్దు, 1,000 కిలోమీటర్లకు పావు లీటరే పోతోంది అంటే, దించకుండా టాపప్ చేసుకుంటూ నడపండి. అందులో నామోషీ లేదు. ఫోక్స్‌వ్యాగన్ మాన్యువల్సే అర లీటరు దాకా మామూలే అని రాసుకున్నాయి. డిక్కీలో ఒక లీటరు డబ్బా పెట్టుకుని, పెట్రోల్ కొట్టించిన ప్రతిసారీ డిప్‌స్టిక్ తీసి చూడండి. డబ్బా ఖాళీ అయ్యాక మాత్రం కన్నం పొడిచి పారేయండి, లేదంటే దాంట్లోనే నల్ల ఆయిల్ వడగట్టి నింపి మీకే మళ్లీ అమ్ముతారు.