మా ఇంటి కంప్యూటర్‌పై శ్వేతపత్రం

2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోలవరంతో మొదలుపెట్టి వరసగా శ్వేతపత్రాలు విడుదల చేసింది. రెండు రాష్ట్రాలు చేసిన పని మా ఇల్లు చేయకపోతే ఏం మర్యాద? అందుకని మల్కాజిగిరిలోని మా ఇంట్లో 'సంగీత సాధన నిమిత్తం' నెలకొల్పిన కంప్యూటర్ జమాఖర్చులను ఇందుమూలంగా ప్రజల ముందు పెడుతున్నాను. ఒక్కటే తేడా. ప్రభుత్వాలు శ్వేతపత్రం వేసేది దిగిపోయినవాళ్ల లెక్కల మీద. నాకా వెసులుబాటు లేదు. మా ఇంట్లో ప్రభుత్వం మారలేదు. మా ఆవిడ బ్యాంకులో రుణాల విభాగం చూస్తుంది. అప్పు ఏ పనికి తీసుకున్నారో ఆ పనికే వాడారా లేదా అని ఆరా తీయడం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని ఆమె ఇంటికి కూడా తెచ్చుకుంది.

ముందు నేపథ్యం. తెలుగిళ్లలో ఆట పేరు చెప్పి రూపాయి మంజూరు చేయించుకున్నవాణ్ని నేనింతవరకూ చూడలేదు. నా ఇంజనీరింగ్ రోజుల్లో నాన్న కంప్యూటర్ కొనిచ్చింది సీ లాంగ్వేజ్ కోసం. దానిమీద నేను నేర్చింది పోలీసులకు దొరక్కుండా కారు నడపడం. ఇప్పుడు నాకు నలభై నాలుగేళ్లు. చదువు అనే పద్దు ఎప్పుడో మూతపడింది. మిగిలిన పవిత్రమైన పద్దు సంగీతం ఒక్కటే. సరస్వతీదేవి హామీ సంతకం ఉన్న దరఖాస్తును తిప్పి పంపే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. "ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకుందాం, అమ్మ పాటలు రికార్డు చేద్దాం" అన్నాను. అమ్మ మంగళహారతులు మొదలుపెడితే కర్పూరం అయిపోతుంది గానీ పాటలు అయిపోవు. 2024 ఏప్రిల్‌లో 90,000 రూపాయలు మంజూరయ్యాయి.

సాంకేతిక సలహాదారుగా మా మేనల్లుణ్ని నియమించుకున్నాను. బీటెక్ మూడో ఏడు. పారితోషికం బిర్యానీ. వాడికి అత్యంత ఇష్టమైన మాట 'బాటిల్‌నెక్', అంటే ఒక భాగం ఇంకో భాగం వేగానికి అడ్డుపడటం. "మావయ్యా, ఈ కార్డుకు ఆ ప్రాసెసర్ బాటిల్‌నెక్ అవుతుంది" అనేవాడు. సరే అని ప్రాసెసర్ పెంచితే బోర్డు చిన్నదయ్యేది. బోర్డు పెంచితే పాత రకం ర్యామ్ దానికి పట్టేది కాదు. అన్నీ పెంచాక వాటికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ చాలేది కాదు. సాగునీటి ప్రాజెక్టుల అంచనాలు ఎందుకు సవరిస్తారో నాకు ఆ వారంలో తెలిసొచ్చింది. పాపం వాళ్ల తప్పేం లేదు. కాలువ తవ్వాక గానీ పంపు చిన్నదని తెలియదు. మూడుసార్లు సవరించాక మా అంచనా 1,80,000 దగ్గర ఆగింది. ఆగిందనడం కంటే క్రెడిట్ కార్డు ఆపింది అనడం సబబు.

కొనుగోళ్లు జరిగింది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో. ఆ పేరు బోర్డు మీద వరకే. జనం నోట్లో అది సీటీసీ. ఉద్యోగస్తులకు సీటీసీ అంటే ఏడాది జీతం మొత్తం. అక్కడికెళ్లినా దాదాపు అదే అర్థం. ఒక దుకాణంలో "బిల్లు కావాలా సార్?" అని అడిగారు. వద్దంటే 18 శాతం జీఎస్టీ కలిసొస్తుంది, కానీ వారంటీ పోతుంది. కావాలంటే వారంటీ ఉంటుంది, కానీ మా ఆవిడ చేతిలో సాక్ష్యం కూడా ఉంటుంది. దేశభక్తి గెలిచింది. ఈ శ్వేతపత్రానికి ఆధారం ఆ బిల్లే.

బిగింపు కార్యక్రమం ఒక ఆదివారం మధ్యాహ్నం జరిగింది. ఇప్పటి రైజెన్ ప్రాసెసర్‌కు కాళ్లుండవు. బోర్డు మీదే 1718 సన్నటి పిన్నులుంటాయి. ఒక్కటి వంగినా బోర్డు మూలన పడాల్సిందే. మేనల్లుడు ఊపిరి బిగబట్టి దాన్ని కూర్చోబెడుతుంటే అమ్మ కుంకుమ భరిణె తెచ్చింది. దాని పేరు మదర్‌బోర్డు అని విన్నాక, బొట్టు క్యాబినెట్ అద్దానికి పెడితే కుదరదు, తల్లికే పెట్టాలంది. ఆమెను ఒప్పించడానికి పట్టినంత సేపు విండోస్ ఎక్కించడానికి కూడా పట్టలేదు. ఆఖర్న స్విచ్ నొక్కితే ఫ్యాన్లు ఏడు రంగుల్లో వెలిగాయి. వినాయక చవితి అయిదు నెలలు ముందుకు జరిగిందని వీధిలో పిల్లలు వచ్చి చూసి వెళ్లారు.

ఇక అసలు విషయానికి వద్దాం. మళ్లింపు.

బిల్లులో అతి పెద్ద పద్దు గ్రాఫిక్స్ కార్డు. ఆర్‌టీఎక్స్ 4070 సూపర్, 61,000 రూపాయలు. మొత్తం ఖర్చులో మూడో వంతుకు పైనే. పాటకు ప్రత్యేకంగా కొన్నవి మూడే మూడు: మైకు, ఆ మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, 25 మెట్ల చిన్న కీబోర్డు. మూడూ కలిపి 23,500. "సంగీతంలో ఈ కార్డు ఏం చేస్తుంది?" అని మా ఆవిడ అడిగింది. "గ్రాఫిక్స్" అన్నాను. "పాటకు గ్రాఫిక్స్ ఎందుకండీ?" అంది. తెర మీద బొమ్మ కనపడాలి కదా అన్నాను. మేనల్లుడు బిర్యానీ తింటూ, అడక్కుండానే నిజం చెప్పేశాడు. రైజెన్ 7 7700లో తెరకు సరిపడా బొమ్మ చూపించే ఏర్పాటు లోపలే ఉంటుందట. సలహాదారులను కమిటీ ముందు కూర్చోబెట్టకూడదు.

అంతటితో పోలేదు. పాట పని జరుగుతున్నప్పుడు ఆ కార్డు ఫ్యాన్లు తిరగవు. పని లేనప్పుడు ఆగిపోయేలా తయారు చేశారు. అంటే తాను పని చేయడం లేదని అది తనంతట తానే, అద్దాల క్యాబినెట్‌లోంచి, అందరికీ కనిపించేలా వాంగ్మూలం ఇస్తోంది. ఇంకో సాక్షి యూపీఎస్. మాది 600 వీఏ. "వీఏ అంటే వాట్లు కాదురా, ఇది 360 వాట్లకు మించి లాగదు" అని నాన్న మొదటి రోజే చెప్పారు. ఆయన విద్యుత్ శాఖలో ఏఈగా రిటైరయ్యారు. కార్డు ఒక్కటే 220 వాట్ల దాకా తాగుతుంది. కరెంటు పోయినప్పుడు పాట పని ఏనాడూ ఆగలేదు. ఆట మధ్యలో మాత్రం కంప్యూటర్ కుయ్యిమని కూలబడేది. ఏ రాత్రి ఎన్నిసార్లు కుయ్యిమన్నదో మా ఆవిడ క్యాలెండర్‌లో పాల లెక్క పక్కన రాసిపెట్టింది.

కార్డు వల్ల పాటకు ఉపయోగం లేకపోతే పోయింది, నష్టం కూడా జరిగిందని ఒప్పుకోవడం నా ధర్మం. కంప్యూటర్‌లో శబ్దం కుళాయి నీళ్లలా పారదు, బిందెలతో మోస్తారు. సెకనుకు 48,000 నమూనాలు. 128 నమూనాలు ఒక బిందె అనుకుంటే, ప్రతి 2.7 మిల్లీసెకన్లకు ఒక బిందె అందాలి. ఒక్కటి ఆలస్యమైనా చెవిలో 'టిక్' మంటుంది. ఇప్పుడు ఈ క్యూలోకి గ్రాఫిక్స్ కార్డు డ్రైవరు, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, వస్తాడు. వాడిది వీఐపీ బ్రేక్ దర్శనం. వాడొచ్చినప్పుడు సర్వదర్శనం క్యూ ఎక్కడిదక్కడ ఆగుతుంది. ఆటలో ఒక బొమ్మ తప్పిపోతే ఎవడికీ తెలియదు, మరుక్షణంలో ఇంకోటి వస్తుంది. పాటలో మాత్రం ఒక్క బిందె ఒలికినా, "కుంపటి చిటపటలాడినట్టుందిరా" అంటుంది అమ్మ.

బిందె పెద్దది చేస్తే టిక్కులు పోతాయి. 512 పెట్టాం. అప్పుడు ఒక్కో బిందెకు 10.7 మిల్లీసెకన్లు. ఆ సమయంలో గాలిలో శబ్దం పన్నెండు అడుగులు నడుస్తుంది. లోపలికి ఒక బిందె, బయటికి ఒక బిందె, వెరసి ఇరవై నాలుగు అడుగులు. అంటే అమ్మ హాల్లో పాడితే, ఆమె పాట ఆమెకే పెరట్లో బట్టలుతికే బండ దగ్గర్నుంచి వినిపిస్తుంది. "ఎవరో నన్ను వెక్కిరిస్తున్నారు" అంది. చివరికి మేనల్లుడు ఉపాయం కనిపెట్టాడు. తెర వైరును బోర్డుకే తగిలించి, పాడేటప్పుడు గ్రాఫిక్స్ కార్డును సెట్టింగుల్లో ఆపేయడం. టిక్కులు పోయాయి. 61,000 రూపాయల వస్తువు సంగీతానికి చేసిన ఏకైక సేవ పక్కకు తప్పుకోవడం.

మానిటర్ సంగతి వేరే చెప్పాలి. సంగీతం చేసేవాళ్ల భాషలో స్టూడియో మానిటర్ అంటే స్పీకరు. నా దరఖాస్తులో 'మానిటర్ - 18,000' అని మాత్రమే రాశాను. అబద్ధం ఒక్క అక్షరం లేదు. వచ్చింది 27 అంగుళాల తెర, 144 హెర్ట్జ్, అంటే సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చేది. హెర్ట్జ్ అనేది శబ్దానికి సంబంధించిన మాటే కదా అని వాదించి చూశాను. ఆ సాయంత్రమే ఉత్తర్వులు వెలువడ్డాయి: ఇకమీదట 144 హెర్ట్జ్, అంతకు పైబడిన వస్తువేదీ ఆమె సంతకం లేకుండా గడప దాటి లోపలికి రాకూడదు.

మా వైపు ఒక్క మంచి పద్దు ఉంది, అదీ చెప్పాలి. 32 జీబీ ర్యామ్ 10,500కు కొన్నాం. 2025 చివరికొచ్చేసరికి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఊడ్చుకుపోవడం మొదలుపెట్టాయి. ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. బంగారం తర్వాత మా ఇంట్లో విలువ పెరిగిన ఆస్తి ఇదొక్కటే అని మనవి చేసుకున్నాను. "అయితే తీసి లాకర్లో పెడదాం" అంది. నేనా విషయం మళ్లీ ఎత్తలేదు.

సాఫ్ట్‌వేర్‌లో మాత్రం మళ్లింపు లేదు. పాటలు రికార్డు చేయడానికి రీపర్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. 60 రోజులు ఉచితంగా చూడమంటారు. ఆ తర్వాత కూడా పనిచేస్తూనే ఉంటుంది, కాకపోతే తెరిచిన ప్రతిసారీ డబ్బు సంగతి గుర్తుచేస్తుంది. మా చుట్టాల్లో అప్పిచ్చినవాళ్ల పద్ధతే. ఆ మొహమాటానికే డబ్బు కట్టేశాను.

రికార్డింగ్ మే నెలలో పెట్టుకున్నాం. కండెన్సర్ మైకుకు చెవులు ఎక్కువ. సీలింగ్ ఫ్యాన్ వినపడుతుంది, కూలర్ వినపడుతుంది, కాబట్టి రెండూ ఆపాలి, కిటికీలు మూయాలి. ఆ మైకుకు 48 వోల్టులు ఎక్కించాలంటే నాన్న నవ్వారు, ఆయన 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టుల, లైన్ల దగ్గర పనిచేసిన మనిషి. మొదటి టేకులో పక్కింటి కుక్కర్ మూడు విజిల్స్ వేసింది. రెండో టేకు బాగానే వచ్చింది, సరిగ్గా చరణం ఎత్తుకునే చోట "పాత టీవీలు, పాత కంప్యూటర్లు కొంటాం" అని వీధిలో ఆటో వెళ్లింది. ఆ గొంతు ఎంత స్పష్టంగా పడిందంటే, మైకు మంచిదేనని అందరం ఒప్పుకున్నాం. మా ఆవిడ ఆటో వెళ్లిన వైపు కాసేపు చూసింది.

కీబోర్డు మీద అమ్మకు ముందు నుంచీ గురి లేదు. తోడి రాగంలో గాంధారం వాయించి చూపించమంది. నల్ల మెట్టు నొక్కాను. "అది గాంధారం కాదురా, గాంధారం ఫొటో" అంది. పక్కనున్న చక్రం తిప్పితే స్వరం జారుతుంది, దానికి 16,384 మెట్లున్నాయి అన్నాను. "మెట్లు లెక్కపెట్టుకుంటూ పాడమంటావా?" అంది. 1983లో కీబోర్డులూ కంప్యూటర్లూ మాట్లాడుకునే మిడి పద్ధతి పెట్టినవాళ్ల తరఫున నేనే తల దించుకున్నాను.

మూడో టేకుకు హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే అమ్మ ముఖం వెలిగింది. "తంబూరా కూడా పెట్టావుట్రా? నా శ్రుతే, ఐదు. కొంచెం హెచ్చుగా ఉంది, తగ్గించు" అంది. నేనేం పెట్టలేదు. నేను వింటే అది గుయ్ అనే కరెంటు రొద. మన కరెంటు 50 హెర్ట్జ్. ఐదు శ్రుతి, అంటే కీబోర్డు మీద జీ స్వరం, బాగా కింది స్థాయిలో 49 దగ్గర ఉంటుంది. అమ్మ చెవి చెప్పిన 'కొంచెం హెచ్చు' ఆ ఒక్క హెర్ట్జే. రాష్ట్రం రెండైనా, సబ్‌స్టేషన్ ఏదైనా, ఈ శ్రుతి మాత్రం ఎక్కడా మారదు. ఆమె ఆ రొదకే శ్రుతి కలిపి, చెమటలు కారుతూ, నాలుగు హారతులు పాడింది. సంగీతం పద్దు కింద ఇప్పటిదాకా ఉత్పత్తి అయింది ఆ నాలుగే.

నాన్న మాత్రం ఊరుకోలేదు. స్విచ్‌బోర్డు విప్పించారు. మూడు పిన్నుల సాకెట్‌లో పైనున్న పెద్ద రంధ్రానికి లోపల వైరే లేదు. ఇల్లు కట్టేటప్పుడు నేను దగ్గరుండి చేయించిన వైరింగ్ అది. "లక్షా ఎనభై వేలు పెట్టావు, ఎర్త్ లేదురా" అన్నారు. రెండు రోజులు పెరట్లో గుంత తవ్వించి, పైపు దింపించి, బొగ్గూ రాళ్ల ఉప్పూ వరసలు వరసలుగా వేయించి, తీగ లాగించారు. మొత్తం 4,200. ప్రాజెక్టు మొత్తంలో అంచనా దాటకుండా పూర్తయిన పని ఇదొక్కటే. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ గుంతలో ఆయనే ఒక బిందె నీళ్లు పోస్తున్నారు.

రొద పూర్తిగా పోయింది. ఆ సాయంత్రం అమ్మ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కాసేపు విని, తీసి బల్ల మీద పెట్టింది.

"శ్రుతి ఏదిరా? ఎందుకు ఆపేశారు?"

"దాన్ని ఆపడానికే కదే రెండు రోజులు తవ్వించింది!" అన్నారు నాన్న, కాళ్లకు మట్టితో.

"శ్రుతి లేకుండా నేను పాడను" అని లేచి వెళ్లిపోయింది.

ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె కొనడానికి కొత్తగా దరఖాస్తు పెట్టాను. ఈసారి వస్తువు పేరు పూర్తిగా రాశాను. మా ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "ఇది ఎన్ని హెర్ట్జ్?" అని అడిగింది. అమ్మ ఐదు శ్రుతి 196 హెర్ట్జ్. ఫైలు పెండింగ్‌లో ఉంది.