ఎగిరే తాజ్‌మహల్ ఢిల్లీలో ఆగిపోయిన వేళ

2023 సెప్టెంబర్ 10న జీ20 సదస్సు ముగిసింది. దేశాధినేతల విమానాలు ఒక్కొక్కటే ఢిల్లీ నుంచి వెళ్లిపోయాయి. అప్పటి కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో మాత్రం హోటల్లోనే ఉండిపోయారు. విమానంలో ఏదో భాగం మార్చాలన్నారు. ఆయన కోసం కెనడా నుంచి బయలుదేరిన మరో విమానాన్ని దారిలో లండన్‌కు మళ్లించారు. మన ప్రభుత్వం మన ప్రధాని ప్రయాణించే ‘ఎయిర్ ఇండియా వన్’ ఇస్తానంటే కెనడా వద్దందనీ వార్తలొచ్చాయి. చివరికి 12న పాతదాన్నే బాగుచేసుకుని వెళ్లారు. మన సోషల్ మీడియా రెండు రోజులు పండగ చేసుకుంది.

నవ్వుకోవడం తేలికే. ఆ విమానాన్ని అంత ముసలిదయ్యేదాకా వాడింది మాత్రం రాజకీయమే.

కెనడా వైమానిక దళం ‘పొలారిస్’ అని పిలిచే ఈ ఎయిర్‌బస్ ఏ310లు ఒకప్పుడు మామూలు ప్రయాణికుల్ని మోసినవే. 1990ల మొదట్లో ప్రభుత్వం అయిదింటిని కొంది. సైనికుల్నీ సరుకుల్నీ మోయడం వాటి రోజువారీ పని. అయితే ఒకదాన్ని ప్రధాని బ్రయన్ మల్రోనీ హయాంలో ప్రముఖుల కోసం హంగుగా తీర్చిదిద్దారు. ప్రత్యర్థి జాన్ క్రెతియెన్ దాన్ని ‘ఎగిరే తాజ్‌మహల్’ అని ఎద్దేవా చేశారు. 1993లో తానే ప్రధాని అయ్యాక అది ఎక్కనని భీష్మించారు.

ఆ ఒక్క మాట ముప్పై ఏళ్లు వెంటాడింది. కొత్తది కొంటే మరో తాజ్‌మహల్ అంటారు. 2013లో అప్పటి ప్రధాని స్టీఫెన్ హార్పర్ ప్రభుత్వం ఆ విమానానికి ఎరుపు, తెలుపు, నీలం రంగులు వేయిస్తే, అవి ఆయన పార్టీ రంగులంటూ దానికీ గొడవే! ఇక పిల్లి మెడలో గంట ఎవరు కడతారు?

ఫలితం చూడండి. 2016లో ఐరోపాతో వాణిజ్య ఒప్పందంపై సంతకానికి బ్రసెల్స్ బయలుదేరిన ట్రూడో, రెక్కలకుండే ఫ్లాప్స్ మొరాయించడంతో అరగంటలో ఒట్టావాకు తిరిగొచ్చారు. 2019 అక్టోబర్‌లో కెనడాలోని ట్రెంటన్ వైమానిక స్థావరంలో హ్యాంగర్‌లోకి (విమానాల షెడ్డులోకి) లాగుతుండగా ప్రధాని విమానం గోడను గుద్దుకుంది. ముక్కు నలిగింది, ఇంజిన్ దెబ్బతింది, నెలల తరబడి మూలన పడింది. దానికి బదులుగా డిసెంబర్‌లో నాటో సమావేశానికి వెళ్లిన విమానం ఇంజిన్ సమస్యతో లండన్‌లో ఆగిపోయింది.

మామూలు విమానంలో వెళ్లొచ్చుగా అంటారా? భద్రతా నిబంధనలు ఒప్పుకోవు. సెలవులకు వెళ్లినా ప్రధాని వైమానిక దళం విమానమే ఎక్కాలి, అందుకు మామూలు టికెట్ ధర ప్రభుత్వానికి కట్టాలి. అంటే ఇది ఆయన ఎంచుకున్న విలాసం కాదు. అంబులెన్సు పాతబడితే మార్చడానికి మొహమాటపడం కదా!

చివరికి కొన్న తీరు మాత్రం నాకు తమాషాగా అనిపించింది. తొమ్మిది ఎయిర్‌బస్ ఏ330లు తీసుకుంటున్నారు. వాటిలో అయిదు కువైట్ ఎయిర్‌వేస్ వాడినవి. గాల్లో ఇంధనం నింపే ట్యాంకర్లు, సైనిక రవాణా అన్నది పథకం. ప్రధాని ప్రయాణాలు అందులోనే సర్దుకుంటాయి. ట్యాంకర్‌ను తాజ్‌మహల్ అనడం ఎంతటి ప్రతిపక్షానికైనా కష్టమే. ఆ కొత్త దళంలో మొదటి విమానం 2023 ఆగస్టు చివర్లో ఒట్టావాలో దిగింది. పది రోజుల తర్వాత ట్రూడో పాత విమానంతో ఢిల్లీలో చిక్కుకున్నారు.