సగం మందు, రెట్టింపు గురి అట!

షూటింగ్ రేంజి మిత్రుల వాట్సాప్ గ్రూపులో మొదలై, చివరికి జన్మలో తుపాకీ ముట్టని మా బావమరిది దాకా అందరూ నాకు పంపిస్తున్న సందేశం ఒకటుంది. పేరు 'సబ్‌సోనిక్ రహస్యం'. సారాంశం ఇది: ధ్వని కన్నా నెమ్మదిగా వెళ్లే తూటాకు ఏ రైఫిల్‌లోనైనా గురి ఎక్కువ. మనవాళ్ల ఒలింపిక్ పతకాలు దానితోనే వచ్చాయి. సెకనుకు 343 మీటర్ల లోపు ఉంటే చాలు. చప్పుడు రాదు, గాలికి పక్కకు పోదు. కొనక్కర్లేదు కూడా, కాల్చేసిన తూటాల ఖాళీ కేసుల్లో (ఇత్తడి గొట్టాల్లో) సగం తుపాకీ మందు పోసి ఇంట్లోనే చేసుకోవచ్చు. "నిజమేనా సార్?" అని అడిగే ప్రతివారికీ విడిగా జవాబు రాసే ఓపిక నాకు లేదు.

ముందు పతకాలు. అందులో ఉన్న పేర్లు రెండు: 2008 బీజింగ్‌లో స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రా, 2012 లండన్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ గగన్ నారంగ్. ఇద్దరూ గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో అసలు మందే ఉండదు మహానుభావా! బిగించి నింపిన గాలి సీసపు పెల్లెట్‌ను నెడుతుంది, అంతే. దానిలో సగం మందు ఎక్కడ పోయాలో రాసినవారే చూపించాలి. 2024 పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలే పేరు రాసి ఉంటే కొంతైనా అతికేది. ఆ పోటీలో వాడే .22 (అంగుళంలో 0.22 వంతు వ్యాసం) తూటా నిజంగానే సబ్‌సోనిక్. చేతిలో ఉన్న ఒక్క మంచి ఉదాహరణనూ వదిలేసుకున్నారు.

ధ్వని వేగం 343 మీటర్లన్నది 20 డిగ్రీల దగ్గరి లెక్క. జనవరి ఉదయం గచ్చిబౌలిలో 13 డిగ్రీలుంటే 339, మే మధ్యాహ్నం 41 ఉంటే 355. దీని మీద ఇంతకన్నా కాలం వృథా చేయను.

చప్పుడు సంగతీ అంతే. ధ్వనిని మించినప్పుడు బుల్లెట్ (తూటా కొసన ఉండి ఎగిరిపోయే ముక్క) చేసే 'ఫట్' మాత్రమే పోతుంది, బ్యారెల్ మూతి దగ్గరి మోత ఉంటుంది. చెవులకు రక్షణ తీయకండి. ఆ మోతను తగ్గించే సైలెన్సర్‌ను ఆయుధాల చట్టం తుపాకీ కిందే లెక్కగడుతుంది.

ఇక 'ఏ రైఫిల్‌లోనైనా' అన్న మాట. .22లో పోటీ తూటాలను సెకనుకు 320 - 330 మీటర్ల దగ్గర ఎందుకు ఉంచుతారు? ఆ చిన్న సీసపు బుల్లెట్‌ను ఇంకా వేగంగా వదిలితే దారిలోనే వేగం పడిపోయి మళ్లీ ధ్వని కిందికి దిగుతుంది. ఆ దిగే దశలో దాని మీద గాలి ఒత్తిడి తీరు మారిపోయి బుల్లెట్ ఊగుతుంది, గ్రూపు (కాగితం మీద పడ్డ రంధ్రాల గుంపు) విచ్చుకుంటుంది. మొదటి నుంచీ కిందే ఉంటే ఆ బెడద లేదు. అంతే తప్ప నెమ్మదికి సొంత మహిమేమీ లేదు. 300 మీటర్ల రైఫిల్ పోటీల్లో తూటా లక్ష్యం చేరేదాకా ధ్వనికి పైనే ఉంటుంది. రాసినవారి లెక్కన వాళ్లందరికీ గురి తెలియదన్నమాట.

మన దగ్గర లైసెన్సు మీద కనిపించే .315 రైఫిల్‌నే తీసుకోండి. దాని తూటాను సెకనుకు 300 మీటర్ల వేగానికి దించితే, 200 మీటర్లు వెళ్లేసరికి బుల్లెట్ రెండు మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. వేగంలో తూటాకూ తూటాకూ పది మీటర్ల తేడా వచ్చినా దెబ్బ 12 నుంచి 15 సెంటీమీటర్లు పైకీ కిందికీ జరుగుతుంది. మామూలు వేగంలో అదే తేడా రెండు మూడు సెంటీమీటర్లకు మించదు. పైగా బుల్లెట్ బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి, ట్రిగ్గర్ నొక్కగానే తల ఎత్తే అలవాటున్నవారి తప్పు ఇంకా స్పష్టంగా కాగితం మీదికి వస్తుంది. అమెరికాలో బరువైన సబ్‌సోనిక్ బుల్లెట్ కోసం .300 బ్లాకౌట్ అనే చిన్న కేసు తూటానే తయారు చేసుకున్నారు, బుల్లెట్‌ను గిర్రున తిప్పే దాని బ్యారెల్ గాడులు ఏడెనిమిది అంగుళాలకే ఒక చుట్టు తిరుగుతాయి. మందు తగ్గించడంతో పని అయిపోతే ఇంత శ్రమ వాళ్లకెందుకు?

ఇప్పుడు అసలు విషం. "ఖాళీ కేసుల్లో సగం మందు పోయండి."

పెద్ద కేసులో కొద్దిగా మందు పోస్తే అది ఒక మూలకు చేరుతుంది. రైఫిల్ మూతి కిందికి వంచి ఎత్తితే మందు ముందుకు, పైకెత్తి దించితే వెనక్కు. ప్రైమర్ (కేసు అడుగున మందును ముట్టించే పేలుడు బిళ్ల) మంట దాన్ని ఒక్కోసారి ఒక్కోలా అంటుకుంటుంది, వేగం ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. గురి పెంచుతానని బయల్దేరిన మనిషి మొదట పోగొట్టుకునేది దాన్నే. అది చిన్న నష్టం. బలం చాలక బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఆగిపోయిందనుకోండి. 'టుప్' మని నీరసమైన చప్పుడు వస్తుంది. "తూటా మంచిది కాదు" అనుకుని ఇంకోటి ఎక్కించి కాలిస్తే, వెనక వచ్చిన బుల్లెట్‌కు ముందు దారి లేదు. బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా ముఖానికి బెత్తెడు దూరంలో పగులుతుంది. మూడోది ఇంకా సులువు: సగం మందు పోసిన కేసులో, ఫోను మోగి లేచి వచ్చాక, మరచిపోయి మళ్లీ సగం పోసినా పొంగిపోదు. పైన బుల్లెట్ బిగించాక ఏది ఏదో ఎవరికీ కనబడదు.

".22 ఖాళీలు కూడా పారేయకండి" అని ఉచిత సలహా ఒకటి. .22లో పేలుడు పూత కేసు అంచు లోపలే ఉంటుంది, పిన్ను ఒకసారి కొట్టగానే అంచు నొక్కుకుపోతుంది. దాన్ని మళ్లీ ఎలా నింపుతారో స్వామీ?

చట్టం సంగతి సందేశంలో ఒక్క అక్షరం లేదు. లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేస్తే, ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ప్రకారం శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. తూటాల విడిభాగాలు, తయారీ యంత్రాలు కూడా ఆ చట్టంలో 'మందుగుండు' కిందికే వస్తాయి. ఇది అమెరికాలో గ్యారేజీ సరదా. దాన్ని తెలుగులోకి దించి మన పిల్లలకు పంచుతున్నవారికి జైలు భోజనం గురించి కూడా ఒక సందేశం రాయమని మనవి.

గాలికి పక్కకు పోదన్న మాట ఒకటి మిగిలింది. దీన్నీ చీల్చి చెండాడదామనే కూర్చున్నాను, కానీ .22 వరకు అది నిజం. ధ్వని వేగం దగ్గర గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. అందువల్ల వేగంగా బయల్దేరిన .22 బుల్లెట్ దారిలో ఎక్కువ వెనకబడి, అదే పక్కగాలికి సబ్‌సోనిక్ కన్నా ఎక్కువ కొట్టుకుపోతుంది. ఈ ఒక్క వాక్యానికి రాసినవారికి నమస్కారం.

కానీ ఆ లాభం కర్మాగారంలో చేసిన పెట్టెలోనే దొరుకుతుంది. ఈలీ (పోటీ తూటాల కంపెనీ) పెట్టె అంచున లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబరు దగ్గరే వేగం కూడా ముద్రిస్తారు, చూడండి. ఒకే పేరు, ఒకే ధర ఉన్న రెండు లాట్లు ఒకే బ్యారెల్‌లో వేర్వేరు గ్రూపులు ఇస్తాయి. 50 మీటర్ల లక్ష్యంలో పదో వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, కాబట్టి ఆ తేడా స్కోరులో కనిపిస్తుంది. పక్కవారి బ్యారెల్‌కు నచ్చిన లాట్ మీదానికి నచ్చాలని లేదు. డబ్బు కట్టే ముందు ఒక్కో లాట్ నుంచి పదేసి రౌండ్లు ఆన్చి కాల్చి చూసుకోండి.