స్క్రూ బిగిస్తే చాలా, బాక్సు విప్పాలా?

పాత చిన్న ట్రాక్టర్‌కు స్టీరింగ్ లూజయితే ఊళ్ళో రెండు మాటలు వినపడతాయి. స్టీరింగ్ తిప్పుడును ముందు టైర్లకు అందించే గేరు పెట్టెనే స్టీరింగ్ బాక్సు అంటారు. దాని మీద ఉండే అడ్జస్టింగ్ స్క్రూ కాస్త బిగించి తోలుకోమంటారు కొందరు. విప్పి అరిగినవి మార్చాల్సిందే అంటారు ఇంకొందరు. గూడూరు వైపు నిమ్మతోటలో తిరిగే 18 హార్స్‌పవర్ బండి ఒకటి అనుకోండి. దాని యజమాని బావ, ట్రాక్టర్లు బాగుచేసేది ఆయన బామ్మర్ది. నా మొగ్గు బామ్మర్ది వైపే. అయినా బావ అడిగేవి తోసిపారేసే మాటలు కావు.

బావ: చెట్ల మధ్య మొదటి గేరులో రోటవేటర్ తిప్పుకునే బండయ్యా ఇది. స్టీరింగ్ కొంచెం ఊగితే ఏమైంది? స్క్రూ కదలకుండా పట్టే ఆ చెక్ నట్టు వదులు చేసి స్క్రూ బిగించెయ్. పది నిమిషాల పని.

బామ్మర్ది: తోటలో మాత్రమే అయితే నేనూ ఊరుకుందును బావా. కాయ కోసినప్పుడల్లా ట్రాలీ తగిలించి రోడ్డెక్కుతున్నారు కదా. స్టీరింగ్ బెత్తెడు తిరిగినా ముందు టైరు కదలడం లేదు. వెనక లోడు తోస్తుంటే, ఎదురుగా బస్సొస్తే, పక్కకు ఎలా తీస్తారు?

బావ: అందుకేగా బిగించమంటున్నా!

బామ్మర్ది: బండి ఎక్కువసేపు నడిచేది నేరుగా. అందుకని లోపల స్టీరింగ్‌తో తిరిగే మరలాంటి వర్మ్, దాని మీద బాల్స్‌తో జరిగే బాల్ నట్టు, ఆ నట్టు తిప్పే సెక్టార్ పళ్ళు నడిమధ్యన బాగా అరుగుతాయి. రెండు చివర్ల అరుగుదల తక్కువ. మధ్యలో లూజు పోయేదాకా స్క్రూ బిగిస్తే, సాలు చివర పూర్తిగా తిప్పినప్పుడు పళ్ళు పట్టేస్తాయి. తిప్పిన స్టీరింగ్ వెనక్కి రాదు. బలవంతం చేస్తే పన్నే విరగొచ్చు.

బావ: అసలు లూజు బాక్సులోనే ఉందని ఎలా చెప్తావు? పోయినేడు కూడా ఇదే జబ్బన్నారు, ముందు టైర్లను కలిపే టై రాడ్ ఎండ్లు మార్పించారు.

బామ్మర్ది: నిన్న చూసే చెప్తున్నా. మేనల్లుణ్ణి సీటు మీద కూర్చోబెట్టి స్టీరింగ్ అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపమన్నా. నేను కింద, బాక్సు నుంచి టైర్ల లింకులను కదిపే డ్రాప్ ఆర్మ్ మీద వేలు పెట్టి కూర్చున్నా. స్టీరింగ్ ఊగుతోంది, ఆర్మ్ ఉలకలేదు. ఆర్మ్ కదిలి టైరు కదలకపోతే తప్పు లింకులదో, ముందు టైరు అటూ ఇటూ తిరిగే కింగ్ పిన్నుదో అయ్యేది. బాక్సు బోల్టులు కూడా గట్టిగానే ఉన్నాయి. ఆర్మ్‌ను చేత్తో పట్టి ఊపితే, అది తగిలి ఉండే సెక్టార్ షాఫ్టు చుట్టూ ఉన్న బుష్షులో టక్కుటక్కుమంటోంది. సీలు దగ్గర నూనె కారి మట్టి గడ్డకట్టింది.

(ఈ పరీక్షకు కావాల్సింది ఇద్దరు మనుషులు, కాసింత ఓపిక. ఇది చేయకుండానే స్పేర్లు కొనేస్తుంటే నాకు బాధేస్తుంది.)

బావ: నూనె కారుతోందనే కదా గ్రీజు కొట్టించాను.

బామ్మర్ది: ఈ బాక్సుకి 90 నంబరు గేరాయిలే ఉండాలి. గట్టి గ్రీజును తిరిగే బాల్స్ పక్కకు నెట్టేస్తాయి, అది మళ్ళీ వాటి మీదికి జారి రాదు.

బావ: ఇంత తతంగం ఎందుకు, కొత్త బాక్సే తెచ్చి బిగిద్దాం. ఒక్క పూటలో అయిపోతుంది. నువ్వు విప్పాక ఏది దొరకదో ఎవరికి తెలుసు? బండి షెడ్డులో ఉంటే ఇక్కడ గడ్డి మోకాలెత్తు లేస్తుంది.

బామ్మర్ది: అసలుది దొరికితే నేను కాదనను. పాత మోడలుకు చాలాసార్లు డూప్లికేటే చేతికొస్తుంది. లోపలి పళ్ళు గట్టివో మెత్తవో పైకి చూస్తే తెలియదు. మన కేసింగ్‌కు బీట కూడా లేదు. సీళ్ళు, బేరింగులు, బాల్స్ సైజు కొలిచి తెచ్చుకునేవే. బుష్షు దొరక్కపోతే గన్‌మెటల్‌తో లేత్ మీద చేయిస్తా.

బావ: లేత్ అతనైతే సెక్టార్ షాఫ్టుకే వెల్డింగ్ నింపి సైజుకు తిప్పి ఇస్తానన్నాడు. ఇంకా చవకలో పోతుంది.

బామ్మర్ది: దానికి మాత్రం ఒప్పుకోను, మీరు కోప్పడినా సరే. అది గట్టిపరిచిన ఉక్కు. వెల్డింగ్ వేడికి పక్క భాగం పెళుసుబారుతుంది, కంటికి కనపడని చీలిక పుడుతుంది. రోడ్డు మీద తెగిందంటే స్టీరింగ్ చేతిలో ఉత్తినే తిరుగుతుంది. డ్రాప్ ఆర్మ్‌కైనా అంతే.

బావ: సరే, విప్పావనుకో. మళ్ళీ బాగా కూర్చుంటుందని ఏంటి నమ్మకం?

బామ్మర్ది: పద్ధతిగా చేస్తే కూర్చుంటుంది. ఆర్మ్‌కూ షాఫ్టుకూ కలిపి పంచ్ గుర్తు కొట్టి, పుల్లర్‌తో లాగాలి. సుత్తితో బాదితే ఆ దెబ్బ లోపల బాల్స్ గాడికి తగులుతుంది. బాల్ నట్టు విప్పేటప్పుడు కింద ట్రేలో గుడ్డ పరిచి, ఏ దారిలోంచి ఎన్ని బాల్స్ వచ్చాయో విడిగా రాసుకోవాలి. మారిస్తే సెట్టంతా మార్చాలి. పాతవాటిలో నాలుగు కొత్తవి కలిపితే, లావుగా ఉన్న ఆ నాలుగింటి మీదే బరువంతా పడుతుంది. బిగించేటప్పుడు ముందు వర్మ్ బేరింగులకు షిమ్ములు, అంటే సందు సరిచేసే పలచటి రేకులు, సరిచూడాలి, అప్పటికి సెక్టార్ పెట్టకూడదు. వర్మ్ ఊగకూడదు, పట్టేయకూడదు, చేతికి కొద్దిగా బరువు తగలాలి. తర్వాత సెక్టార్ పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరికి చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా సగానికి తెచ్చి, అప్పుడు స్క్రూ ముట్టుకోవాలి.

బావ: తిరిగి తిరిగి నేను చెప్పిన స్క్రూ దగ్గరికే వచ్చావు.

బామ్మర్ది: వచ్చాను, కాకపోతే ఆఖరున. బిగించాక రెండు చివర్లకూ తిప్పి, ఎక్కడా పట్టడం లేదని చూశాకే చెక్ నట్టు బిగిస్తా.

బావ: మరి వర్మ్ గాడే పోయుంటే? అప్పుడు నీ బుష్షులు, బాల్స్ ఖర్చంతా దండగే కదా.

బామ్మర్ది: నిజమే. గాడి తుడిచి గోరు పెట్టి లాగితే గుంటలు తగులుతాయి. పైపొర రాలి ఉంటే వర్మ్, నట్టు జతగా మార్చాలి. జత దొరక్కపోతే మీ మాటే, బాక్సు మొత్తం మార్చాల్సిందే.

బావ: అయితే విప్పు. గాడి నా కళ్ళతో చూసేదాకా ఒక్క స్పేరు కూడా కొనొద్దు. కాయ సంగతేంటి మరి?

బామ్మర్ది: ఈ కోతకు ఆటో మాట్లాడుకోండి బావా. మన బండి మాత్రం రోడ్డెక్కొద్దు.