గోదారి పాటలో రొయ్యల చెరువు ఎక్కడ?

గోదారి పాట అనగానే అందరి కళ్లకీ ఒకటే బొమ్మ కనపడుతుంది. పడవ, తెరచాప, కొబ్బరాకుల నీడ, కొప్పున పూలు పెట్టుకున్న పడుచు. కోనసీమ జానపదం అని చెప్పి యూట్యూబ్‌లో ఏది పెట్టినా ఇవన్నీ ఉంటాయి, పైనుంచి తీసిన డ్రోన్ షాట్‌తో సహా. ఇక్కడ పుట్టి పెరిగినవాడిగా నా గోలేంటంటే, మేం పడవెక్కి చాలా ఏళ్లయింది. యానాం నుంచి ఎదుర్లంకకి వంతెన మీద బస్సులోనో బండి మీదో పోతాం. సార్వాకి పాడుకుంటూ నాట్లేసే ముఠాలు తగ్గాయి, కోతకి మిషనొచ్చింది, సముద్రం వైపు ఊళ్లలో వరి చేలు చాలావరకు రొయ్యల చెరువులయ్యాయి. బతుకంతా గట్టు మారింది గానీ పాట మాత్రం ఇంకా ఆ పాత రేవులోనే కట్టేసి ఉంది.

రాజోలు వైపు ఒక కుర్రాడు సొంతంగా రాసి, బాణీ కట్టి, పాడుకుంటున్నాడు. పేరు రాయొద్దన్నాడు, పనిచేసే చెరువు రైతుతో లేనిపోని పేచీ ఎందుకని. రాత్రిళ్లు చెరువు కాపలా, పగలు నిద్ర, మధ్యలో పాటలు. మూడు నాలుగేళ్లుగా అతను పెట్టినవన్నీ వరసగా విన్నాను. అన్నీ బాగున్నాయని చెప్పను. మొదట్లోవి మరీ అన్యాయం. తెలంగాణ లవ్ ఫెయిల్యూర్ పాటల ఊపులో, తను ఇంట్లో ఎప్పుడూ మాట్లాడని యాసలో, సినిమా గాయకుల్లా పై స్థాయిలో గొంతు చించుకుని పాడాడు. తర్వాత ఎవరో చెప్పారేమో, గోదారికి వచ్చాడు. అదే పడవ, అదే పడుచు. గొంతు మాత్రం బాగుంది, అందుకే వదలకుండా విన్నాను.

అసలు మలుపు చెరువు పాటలతో వచ్చింది. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి తెల్లారేదాకా నీళ్లని చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి. గట్టు మీద రేకుల షెడ్డులో కూర్చుని ఫోన్‌లో రికార్డు చేస్తుంటే ఆ మోటార్ల మోత మొత్తం మైకులోకి వచ్చేస్తుంది. ముందు యాప్‌తో తీసేయాలని చూశాడట, తీసేస్తే గొంతు కూడా రేకు డబ్బాలోంచి వచ్చినట్టు అయిపోయింది. చివరికి దాన్ని అలాగే ఉంచేసి, ఆ మోతకే శ్రుతి కలిపి పాడాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, కింద తంబూరాలా ఒకటే స్వరం మోగుతుంటుంది, పాట దాని మీద నాలుగైదు స్వరాల మధ్యే తిరుగుతుంది, ఎక్కడా పైకి ఎగరదు. ఊళ్లో పనిపాటలు కట్టే పద్ధతీ ఇదే కదా, అలిసిన మనిషి కూడా అందుకోగలగాలి. ఇది అతనికి ఎవరూ నేర్పలేదు, ఏరేటర్ నేర్పింది.

మాట కూడా అక్కడే మారింది.

నూరు కౌంటు దిగలేదు చెరువులో రొయ్య
మస్కట్టు దిగిపోయె మా ఇంటిదయ్యో

కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయని. రొయ్య పెరిగేకొద్దీ కౌంటు దిగుతుంది, రేటు పెరుగుతుంది. నూరు దగ్గరే ఆగిపోయిందంటే మేత ఖర్చు పెరుగుతోంది, సరుకు పెరగట్లేదని. ఆ అప్పు తీర్చడానికి ఇంటావిడ గల్ఫ్‌కి ఇంటిపనికి పోయింది. కోనసీమలో ఈ కథ లేని వీధి చూపించండి. రెండు లైన్లలో చెరువు, అప్పు, ఎడబాటు అన్నీ వచ్చాయి, ఏడుపు గొంతు పెట్టకుండానే. పాటలో ఎక్కడా అప్పు అన్న మాట లేదు, గమనించండి.

కొందరు పెద్దవాళ్లు ఇది జానపదమెలా అవుతుందంటారు. జానపదమంటే పాతది, కర్త ఎవరో తెలియనిది అని వాళ్ల లెక్క. మరి మన బుర్రకథలో పక్కన రాజకీయం చెప్పే వంత ఎందుకున్నాడండీ? నిన్నటి ఊరి సంగతి ఇవాళ కథలోకి లాగడానికే కదా. గరిమెళ్ల సత్యనారాయణ శ్రీకాకుళం వైపు మనిషైనా గోదావరి జిల్లా వీధుల్లో తను రాసింది తనే పాడుతూ తిరిగాడు, 1922లో జైలుకి పోయాడు. ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అన్న ఆ పాటలో ఉన్నది పెద్ద పెద్ద ఆదర్శాలు కాదు, పట్టెడన్నం, ఉప్పు. కాకినాడ నుంచి వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్లు పల్లె పాటని హార్మోనియంతో కచేరీకి, రేడియోకి తీసుకెళ్లారు. అదీ గొప్ప పనే, వాళ్లు లేకపోతే చాలా పాటలు పోయేవి. కానీ పాటని దాచుకోవడం వేరు, కొత్తది కట్టడం వేరు. మన దగ్గర మొదటిదానికి దక్కినంత గౌరవం రెండోదానికి దక్కలేదు. గరిమెళ్ల 1952లో మద్రాసులో కటిక పేదరికంలో పోయాడు.

డబ్బు సంగతి ఇప్పటికీ అంతంతమాత్రమే. ఛానల్ వాళ్లు పాటకింతని ఒకేసారి చేతిలో పెట్టి మొత్తం రాయించేసుకుంటారు. 2012లో కాపీరైట్ చట్టం మార్చి, రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ రాయల్టీలో వాటా ఉండాలన్నారు, ఆ సంగతి మనవాడికి నేను చెప్తేనే తెలిసింది. విని నవ్వాడు.

అతని పాటల్లో ఎక్కువ వ్యూస్ వచ్చింది అన్నిటికన్నా పనికిమాలినదానికి, స్టూడియోలో కీబోర్డు బీటు వేసి గొంతుని ఆటోట్యూన్‌తో నున్నగా చేసిన పెళ్లి పాటకి. నిరుడు ఆగస్టులో, అంటే 2025లో, అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతులు టెన్షన్‌తో అల్లాడుతుంటే వెంటనే దాని మీద ఓ పాట కట్టాడు. అదీ తేలిపోయింది. పేపర్ చదివినట్టుంది, ట్రంపు పేరు నాలుగుసార్లు వచ్చింది గానీ చెరువు ఒక్కసారి కూడా కనపడలేదు. తను కాళ్లు తడుపుకున్న చోటు గురించి రాస్తే ఒకలా, టీవీలో చూసి రాస్తే ఇంకోలా ఉంటోంది, ఈ తేడా అతనికి ఇంకా పూర్తిగా పట్టుబడలేదని నా అనుమానం.

ఇంకో పెద్ద ఖాళీ ఉంది. కులం. 2022 మేలో, కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద రేగిన గొడవలో అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. అంత జరిగితే దాని మీద గుర్తుండిపోయే పాట ఈ డెల్టా నుంచి ఒక్కటీ నా చెవిన పడలేదు. పాటలో డప్పు కావాలి అందరికీ, ఆ డప్పు పట్టుకున్న పేట సంగతి వద్దు. అడిగితే ‘ఊళ్లో బతకాలి కదండీ’ అన్నాడు. నిజమే, నేను దూరంగా కూర్చుని వ్యాసం రాసినంత తేలిక కాదు. అయినా చెరువు రైతుకి భయపడి పేరు దాచుకుని కూడా చెరువు పాట రాసినవాడు, ఇది మాత్రం రాయలేడంటే ఒప్పుకోబుద్ధి కావట్లేదు.

వచ్చే కనుమకి ఒక ప్రభల తీర్థంలో అరగంట స్టేజీ ఇస్తామన్నారట, సగం సినిమా పాటలు పాడాలని షరతు. ఒప్పుకోమనే చెప్పాను. మిగతా పావుగంటకి పెళ్లి పాట తీసెయ్యమన్నాను. దాని గురించి ఇంకా బేరం నడుస్తోంది.